రెండు చెవులకు ఒక గుంట

2022 ఆగస్టు ఒకటో తారీఖు, సోమవారం, పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలు. శ్రావణం మొదటి సోమవారం కాబట్టి దవాఖానకు వచ్చేవాళ్లు తక్కువ. సన్నటి వాన పడుతున్నది. నా గది కిటికీలో నుంచి చూస్తే చేవెళ్ల రోడ్డు మీద బండ్లు చప్పుడు లేకుండా నీళ్లల్ల తేలిపోతున్నట్టున్నయి. అప్పుడు ముగ్గురు లోపలికి వచ్చిన్రు. తండ్రి అంజయ్య, తల్లి సుగుణమ్మ, వాళ్ల బిడ్డ మౌనిక. మౌనికకు ఇరవై ఏండ్లు, గండిపేట దిక్కున్న కాలేజీలో డిగ్రీ ఆఖరి సంవత్సరం. ముగ్గురూ తడిసిన్రు. తల్లి కొంగు పిండుకున్నది, తండ్రి తువ్వాల పిండుకున్నడు. అమ్మాయి మాత్రం తల చుట్టూ బిగించి కట్టిన చున్నీని విప్పలేదు. నీళ్లు మెడ మీదికి కారుతున్నా అట్లనే కూసున్నది.

నేను ముప్పై నాలుగేండ్లు నర్సు పని చేసిన. అందులో ఆఖరి తొమ్మిదేండ్లు మొయినాబాద్ దగ్గర ఒక చిన్న ప్లాస్టిక్ సర్జరీ దవాఖానలో, ఆపరేషనుకు ఎంత అయితదో చెప్పే కుర్చీలో కూసున్న. తలుపు మీద కౌన్సెలర్ అని బోర్డు ఉండేది. ఊర్లోళ్లు 'రేటు చెప్పే సిస్టరమ్మ' అనేవాళ్లు. నాకు ఆ పేరే సరైనదనిపించేది.

ఇప్పుడు ఆ కుర్చీలోకి వచ్చే పిల్లలు ఫోన్ చేసి, మాట ఎట్ల మొదలుపెట్టాలె, ఎట్ల ఒప్పించాలె అని అడుగుతుంటరు. ఒక్కొక్కరికి చెప్పే ఓపిక లేక రాస్తున్న. ఒప్పించుడు మన పని కాదు. అది మొదటి మాట. మిగిలింది ఈ ఒక్క కేసులో ఉన్నది.

గోడకున్న అద్దం

నా గదిలో ఒక అద్దం ఉండేది. చాటచెవులోళ్లు ఎవరు వచ్చినా కుర్చీ కంటే ముందు ఆ అద్దం దగ్గరికి పోయేవాళ్లు. రెండు చూపుడువేళ్లతో రెండు చెవులను వెనక్కి నొక్కి పట్టుకునేవాళ్లు. ఇది వాళ్లకు ఎవరూ నేర్పరు. ఆరేండ్ల పిల్లగాడు, నలభై ఏండ్ల బ్యాంకు ఉద్యోగి, బాలింత, అందరిదీ అదే పని. అట్ల నొక్కి పట్టుకున్నప్పుడు ఊపిరి మెల్లగ తీసుకుంటరు. కిటికీలో నుంచి ఎవరింట్లోకో చూస్తున్నట్టు, ఆ ఇంట్లో దీపం వెలుగుతున్నట్టు వాళ్ల మొఖం ఉంటది. వేళ్లు తీయంగనే చెవులు ముందుకొస్తయి, దీపం ఆరిపోతది. మళ్ల నొక్కుతరు.

ఆ టైంలో మాట్లాడొద్దు. ఫోన్ ఎత్తొద్దు. వాళ్లు కొనడానికి వచ్చినదాన్నే ఆ అద్దంలో చూసుకుంటున్నరు. మీరు చెప్పే ధర దానికే.

చెవి పైభాగంలో ఒక మడత ఉండాలె. కొందరికి పుట్టుకతోనే ఆ మడత పడదు, చెవి తెరుచుకుని ముందుకు నిలబడతది. చెవి వెనక కోసి, లోపలి మెత్తటి ఎముకను మలిచి, కుట్లు వేసి మడత తెస్తరు. వినికిడికి దీనితో సంబంధం లేదు. నొప్పి లేదు, రోగం లేదు. అందుకే ఇన్సూరెన్స్ రాదు, అందుకే ఇంట్లోవాళ్లు 'అవసరమా' అంటరు.

మౌనిక అద్దం దగ్గరికి పోలేదు. నేను అడిగితే, తండ్రికి వీపు పెట్టి తిరిగి చున్నీ విప్పింది. చూసిన. ఆ తర్వాత తండ్రి దిక్కు చూసిన. అవే చెవులు. పిండిన తువ్వాలను మళ్ల తలకు చుట్టుకున్నడు కాబట్టి, అది జారేదాకా నాకు తెలువలేదు.

ఆరో తరగతి నుంచి జుట్టు పైకి కట్టలేదని చెప్పింది. కబడ్డీ మానేసింది. స్నానం చేసి వచ్చి చెల్లె ముందర కూడ తడి జుట్టును ముందుకు వేసుకుంటదట. ఏం కావాలె నీకు అని అడిగిన. అందరినీ అడుగుతా ఈ మాట. చాలామంది 'నార్మల్‌గా ఉండాలె' అంటరు. ఈ పిల్ల కొంచెం సేపు కిటికీ దిక్కు చూసింది.

"జుట్టు పైకి ముడేసుకుని బండి మీద గండిపేట చెరువు కట్ట ఎంబడి పోవాలె మేడం."

"హెల్మెట్ పెట్టుకోవా?"

"పెట్టుకుంటా. తీసినంక కూడ ముడి అట్లనే ఉండాలె."

సుగుణమ్మ నవ్వింది. అంజయ్య నవ్వలేదు, తన చెవిని ఒకసారి తడుముకున్నడు.

ధర చెప్పుడు

మా పెద్ద డాక్టరు కోపిష్టి. కత్తెర ఒక అంగుళం పక్కకు పెడితే ఆ రోజంతా మాట్లాడడు. చేతిపని మాత్రం మహా నాణెమైనది. ఆయన దగ్గర నేర్చుకున్న ఒక మంచి సంగతి ఉన్నది. ధర చెప్పినంక నోరు మూసుకోవాలె. పెద్ద మొత్తం చెప్పంగనే మనకు సిగ్గయితది. ఆ సిగ్గును మాటలతో కప్పుతం, నెలనెలా కట్టొచ్చు, పండుగకు తగ్గిస్తం అని. వాళ్లను లెక్క వేసుకోనియ్యం. ఊకుంటే వాళ్లే లెక్క వేసుకుంటరు.

ఆయనతో నేను ఒప్పుకోనిది ప్యాకేజీ. 'అంతా కలిపి లక్షకు వెయ్యి తక్కువ' అని బోర్డు పెట్టిండు. నేను ఆ బోర్డు తీయించిన. ప్యాకేజీ అంటే మనిషికి ఏది ఎంతో తెలువకుండ చేసుడే. పత్తి దగ్గర్నుంచి విడివిడిగా చెప్పాలె. ఆయన నాతో రెండు నెలలు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఆ రెండు నెలలు దవాఖాన చాలా ప్రశాంతంగా ఉన్నది.

విడివిడిగా చెప్తే బేరమాడేవాళ్లు ఉంటరు, ఆడనీయండి. ఒకసారి మొయినాబాద్ పక్కనున్న హిమాయత్‌నగర్ ఊరి దిక్కు నుంచి సర్పంచికి నిలబడే ఒక పెద్దమనిషి వచ్చిండు. తన ఫోటో ఉన్న ఫ్లెక్సీని ఫోన్‌లో చూపించిండు. ఫ్లెక్సీ కొట్టేటోడు కంప్యూటర్‌లో ఈ చెవులను ఊరికెనే వెనక్కి నొక్కి ఇచ్చిండు, మీరు ఇంత ఎందుకు తీసుకుంటరు అని అడిగిండు. ఓట్లు కూడ ఆ ఫ్లెక్సీనే అడుగుతదా అన్న. ఆయన నవ్వుకుంట లేచి పోయిండు. గెలిచిండట, అవే చెవులతో.

మౌనికకు చెప్పిన లెక్క ఇది. సర్జన్‌కు నలభై ఐదు వేలు. థియేటర్‌కు పద్దెనిమిది వేలు. మత్తు డాక్టరుకు పన్నెండు వేలు. మందులు, కుట్ల దారం, కట్లు తొమ్మిది వేలు. ఒక రోజు గదికి నాలుగు వేలు. పరీక్షలకు రెండున్నర వేలు. కట్లు విప్పినంక పండుకునేటప్పుడు పెట్టుకునే తలపట్టీలు రెండు, పదిహేను వందలు. మొత్తం తొంభై రెండు వేలు.

చెప్పి ఊకున్న. ఫ్యాన్ తిరుగుతున్నది. అంజయ్య పెదవులు కదులుతున్నయి.

"గుంటకు తక్కువ," అన్నడు.

మా దిక్కు ఎవరూ వేలల్ల, లక్షలల్ల లెక్కపెట్టరు. భూముల ధరలు లేసినప్పటి నుంచి అన్నిటికీ కొలత గుంటలే. కారు అంటే ఎన్ని గుంటలు, కాలేజీ సీటు అంటే ఎన్ని గుంటలు. ఎకరానికి నలభై గుంటలు. వాళ్ల ఊరు చేవెళ్ల దాటి చాలా లోపలికి, అక్కడ గుంట లక్షా ఇరవై ఐదు వేలు. తొంభై రెండు వేలంటే గుంటలో ముప్పాతికకు కొంచెం తక్కువ. కాని ముప్పాతిక గుంట ఎవరు కొంటరు? గుంట అమ్మాలె. మిగిలింది తిరుగుడు ఖర్చుకు, టమాట నారుకు వస్తది. ఒక్క నిమిషంలో అంజయ్య ఇదంతా వేసుకున్నడు.

పైసలు ఎక్కడి నుంచి వస్తయని అడగడం మర్యాద కాదని మీకు శిక్షణలో చెప్తరు. అడగండి. నేను అడిగిన.

ముందటి గుంట

అంజయ్య భూమి అన్నదమ్ముల పంపకంలో వచ్చింది. అందరికీ బాట తగలాలని నిలువుగా చీల్చుకున్నరు. ఆయన పాలు ముప్పై గుంటలు, ఒకదాని వెనక ఒకటి. ముప్పై మూడు అడుగుల వెడల్పు, రిబ్బను లెక్క పొడుగు. ఒక పక్క తమ్ముడి పట్టీ. ఇంకో పక్క సుగుణమ్మ తమ్ముడు రాములు పొలం. బాట తగిలే గుంటకే ధర వస్తది కాబట్టి అంజయ్య అమ్ముతానన్నది ముందటి గుంట.

సుగుణమ్మ వద్దన్నది. టమాట మీద పైసలు వచ్చినంక చేయిద్దాం, ఏడాది ఆగుదాం అన్నది. మౌనిక కూడ ఆగుతా అన్నది. తొమ్మిదేండ్లు ఆగింది చాలదా అని అంజయ్య నేల దిక్కు చూసుకుంట అన్నడు. నెలనెలా కట్టే పద్ధతి ఉన్నదని నేను చెప్పిన. చెవుల మీద అప్పు తెస్తే ఊర్లో నా తల ఎట్ల లేస్తది అన్నడు.

"ముందటి గుంట అమ్మితే వెనకకు ట్రాక్టరు ఎట్ల పోతది అంజయ్యా?" అని అడిగిన.

"కొనేది మా బామ్మర్దే సిస్టరమ్మా. నా బండికి అడ్డం పడతడా?"

"బాట విడిచిపెడుతున్నట్టు కాగితంలో రాయించుకో."

అప్పుడు భార్యాభర్తలు ఇద్దరూ నన్ను ఒకే తీరుగా చూసిన్రు. పెద్దమనిషివి, గిట్ల అంటవేంది అన్నట్టు. "ఈమె పుట్టింటికి పోయి కాగితం తీస్తే నాకు అన్నం పెడతరా?" అన్నడు అంజయ్య.

నేనూ ఆ దిక్కు ఇంట్లోనే పుట్టిన కాబట్టి తెలుసు. బామ్మర్దిని తిట్టొచ్చు, ఏడిపించొచ్చు, అడగకుండ జేబులో చెయ్యి పెట్టి పైసలు తీసుకోవచ్చు. కాగితం మాత్రం అడగొద్దు. అడిగితే ఆయనను దొంగ అన్నట్టు, ఆ ఇంటి నుంచి తెచ్చుకున్న పిల్లను చిన్నచేసినట్టు. రాములు కూడ మంచి మనిషే. గుంట సంగతి వినంగనే, బావా, నీ చెవులను నా మేనకోడలికి అంటగట్టినందుకు ఇది నీకు జుర్మానా అన్నడట. ధరలో ఒక్క రూపాయి తగ్గియ్యలేదు. అమ్మకం కాగితంలో బాట ముచ్చట లేదు.

మత్తులో మాట

నవంబరు పదహారు, బుధవారం, ఎనిమిది గంటలకు ఆపరేషను. పది గంటల నలభైకి మౌనికను బయటికి తెచ్చిన్రు. తల చుట్టూ తెల్లటి కట్టు, గూటిలో నుంచి చూసే పిట్ట మొఖం.

మనిషికి మెలకువ వచ్చేదాకా పక్కన కూసునుడు నా పని కాదు, అయినా కూసునేదాన్ని. నర్సు అలవాటు. ఆ గది కిటికీ అవతల గులాబీలు పెంచే పాలిథీన్ షెడ్లు ఉండేవి. ఎండ పడితే అవి లోపలి నుంచి వెలిగినట్టు తెల్లగ అయ్యేవి, గది పైకప్పు మీద ఆ వెలుగు నీళ్ల తీరు కదిలేది. ఆ వెలుగులో పండుకున్న వాళ్లు ఏదో మాట్లాడుతరు. నేను జవాబు ఇస్తుంటా. వాళ్లకు గుర్తుండదు, నాకు ఉంటది.

"గాలి వస్తున్నది," అన్నది మౌనిక.

"ఎక్కడ ఉన్నవు బిడ్డా?"

"కట్ట మీద. వెనక నుంచి కూడ వస్తున్నది గాలి. చేపల వాసన."

"ఒక్కదానివే ఉన్నవా?"

"బాపు నడుపుతున్నడు." కొంచెం సేపటికి కండ్లు మూసుకునే ఉండి, "బాపుకు బండి రాదు కద మేడం," అన్నది. రాకపోయినా మంచిగనే నడుపుతున్నడని చెప్పిన. సరే అని మళ్ల నిద్రపోయింది. గది పైన వెలుగు చాలాసేపు అట్లనే ఊగింది. ఆ కుర్చీలో నేను పనిచేసిన తొమ్మిదేండ్లల్ల, ధర గుర్తుకురాని గంటలు అవే.

వారానికి కట్లు విప్పినం. నెత్తురు చూడలేనని అంజయ్య బయట బెంచీ మీదనే కూసున్నడు. తల్లి చూసింది. పెద్ద డాక్టరు పని చక్కగ కుదిరింది, రెండు చెవులకూ మడత ఒకే తీరుగా పడింది. ఇంటికి పోయినంక అంజయ్య తల్లి, ఆ ఇంటి అవ్వ, ఒక మాట పెట్టిందట. కొత్త చెవులు, దిష్టి తగుల్తది, ఉగాది దాక ఇంట్లో గాని బయట గాని ఎవరికీ చూపియ్యొద్దు అని. పుండు మానడానికి అదీ మంచిదే కాబట్టి నేను అడ్డం చెప్పలేదు. మౌనిక మళ్ల చున్నీ కట్టుకున్నది. ఈసారి నవ్వుకుంట కట్టుకున్నదని తల్లి చెప్పింది. మణికట్టుకు ఒక నల్ల రబ్బరు బ్యాండు వేసుకుని ఉగాది కోసం చూస్తున్నదట.

గోడ

2023 ఏప్రిల్ పది, సోమవారం. చెవులకు ఆఖరి పరీక్ష. ఉగాది పోయి పంతొమ్మిది రోజులు. మౌనిక చున్నీతోనే వచ్చింది.

సంగతి సుగుణమ్మ చెప్పింది. ఫిబ్రవరిలో రాములు పొలానికి సిటీ నుంచి ఒకాయన మంచి ధర పెట్టిండు, కాని ముందటి గుంట కూడ కలిస్తేనే కొంటానన్నడు. రాములుకూ అవసరాలు ఉన్నయి. మధ్యవర్తితో, మా బావకు బాట ఉన్నది, అది ఉంచాలె అని నోటితో చెప్పి అమ్మిండు. మధ్యవర్తి ఆ మాట చెప్పిండో లేదో. కొన్నాయన సిమెంటు పలకలు తెప్పిచ్చిండు. పొద్దున చాయ్ తాగి పోయినప్పుడు ఏం లేదట, పగటి అన్నం తిని వచ్చేసరికి గోడ ఉన్నదట. అంజయ్య గోడను చేత్తో తట్టి చూసిండట, నిజమైనదేనా అని.

కొన్నాయన చెడ్డగ మాట్లాడలేదు. కాగితం చూపించిండు, అందులో బాట లేదు. వకీలును అడిగితే, కేసు వేస్తే గెలవచ్చు, గెలిచేదాక ఏండ్లు పడతది అన్నడు. అంజయ్య తమ్ముడు మనిషి నడవడానికి గట్టు ఇచ్చిండు. ట్రాక్టరు పోవాలంటే తన టమాట రెండు వరుసలు పోతయి, అది ఇయ్యలేదు. వెనక ఇరవై తొమ్మిది గుంటల్ల టమాట పండి ఉన్నది. ఒక్కొక్క పెట్టె నెత్తి మీద పెట్టుకుని గట్టు ఎంబడి మోస్తున్నరు. ఇదంతా చెప్తూ సుగుణమ్మ తమ్ముని పేరు తీయలేదు. 'కొనుక్కున్నోళ్లు', 'అమ్మినోళ్లు' అన్నది.

అప్పటిదాకా తల వంచుకుని ఉన్న మౌనిక నన్ను అడిగింది. "మేడం, లోపలి కుట్లు విప్పేస్తే చెవులు మళ్ల ముందుకొస్తయా?"

"ఎందుకు?"

"వాపసు తీసుకుంటే ఎంత ఇస్తరు?"

ధరలు అడిగేవాళ్లను తొమ్మిదేండ్లు చూసిన. ఈ ధర ఎవరూ అడగలేదు. పిల్ల తమాషాకు అంటలేదు, మొఖం చూస్తే తెలుస్తున్నది. ఉన్నది ఉన్నట్టు చెప్పిన, ఒక్క రూపాయి రాదు, విప్పడానికి ఇంకో నలభై వేలు అయితది అని. అటువంటప్పుడు ఓదార్పు మాట కంటే సరైన అంకె మేలు. ఆ పిల్ల చెయ్యి రబ్బరు బ్యాండును లాగి వదులుతున్నది.

అంజయ్య కుర్చీ జరుపుకుని బిడ్డకు ఎదురుగ కూసున్నడు.

"నేను ఇంకా చూడనే లేదు," అన్నడు. "జుట్టు కట్టు."

"ఇప్పుడెందుకు బాపు."

"పోయింది బాట. అది చెవుల్ల ఉన్నదా, దాచిపెడుతున్నవు? కట్టు బిడ్డా."

మౌనిక చున్నీ విప్పింది. తొమ్మిదేండ్లు కట్టని చేతులు, మొదటిసారి ముడి జారింది. రెండోసారి నిలబడ్డది. అంజయ్య ఇటు తిరుగు అన్నడు, అటు తిరుగు అన్నడు. పొలంలో మొలక వచ్చిందా అని వంగి చూసినట్టు చూసిండు. నాకైతే చాలాసేపు అనిపించింది, నిజానికి ఎంతసేపో చూసుకోలేదు.

"మీ అమ్మవి లెక్క ఉన్నయి," అన్నడు.

"నావే ముందుగల ఇచ్చి ఉంటే ఈ ఖర్చు తప్పేది," అన్నది సుగుణమ్మ. ముగ్గురూ నవ్విన్రు. నవ్వు ఆగినంక సుగుణమ్మ కొంగుతో మొఖం తుడుచుకున్నది. మౌనిక ముడి విప్పకుండ, చున్నీ భుజం మీద వేసుకుని, వాళ్ల వెనక నడిచి గేటు దాటి రోడ్డు మీదికి పోయింది.

లెక్క

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇంతే. ఆ ఆపరేషను చేయించుడు తప్పని నేను ఎప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. తొంభై రెండు వేలకు ఆ పని న్యాయమైన ధర. మీరు చెప్పే ధర దవాఖానది. ఇంటి ధర వేరే ఉంటది, అది మీ కాగితంలో రాదు. అడిగితే సగం తెలుస్తది. మిగిలిన సగం వాళ్లకే తర్వాత తెలుస్తది.

నేను 2024 డిసెంబరు ముప్పై ఒకటిన పని మానేసిన. అంతకు ముందు వారం సుగుణమ్మ వచ్చి కూసుని పోయింది. మౌనిక గండిపేటలో ఉద్యోగం చేస్తున్నదట, ముడేసుకునే పోతదట. మిగిలిన సంగతులు కూడ చెప్పింది. పోయినవి ఇవి.

ముందటి గుంట ఒకటి.

ముప్పై మూడు అడుగుల బాట.

ఆ యాసంగి టమాటలో సగం, మోయలేక చెట్ల మీదనే పండి రాలినది.

ఆ తర్వాతి వానకాలం పంట మొత్తం, దున్నలేక.

2023 డిసెంబరులో, గోడ కట్టినాయనకే సగం ధరకు అమ్మిన ఇరవై తొమ్మిది గుంటలు. గుంటకు అరవై రెండు వేల ఐదు వందల చొప్పున నష్టం పద్దెనిమిది లక్షల పన్నెండు వేల ఐదు వందలు.

అంజయ్యకు బామ్మర్ది.

రెండు బతుకమ్మల నుంచి సుగుణమ్మకు పుట్టిల్లు.